రెండంగుళాల ఎర్ర పట్టీ

ఆ నెలలో అది తొమ్మిదో సోఫా. తొమ్మిదింటికీ ఒకటే రోగం. కూర్చునేచోట గుంట పడటం, రెగ్జిన్ పొరలుపొరలుగా లేచిపోవడం. సీటమ్మ దాని వెనక చాప పరచుకుని కూర్చుని, అడుగు గుడ్డకి కొట్టిన పిన్నుల్ని ఒక్కొక్కటే స్క్రూడ్రైవరుతో పీకుతోంది. ఒక్కో సోఫాకి మూడొందల పిన్నులుంటాయి. పీకిన పిన్ను పీకినట్టు డబ్బాలో వెయ్యాలి, లేకపోతే అరికాల్లో దిగుతుంది. అరవై రెండేళ్ల మనిషికి నేల మీద కూర్చోవడం తేలికే, లేవడమే ఒక రోజు పని. అందుకే కావలసినవన్నీ ముందే చుట్టూ పేర్చుకుని మరీ కూర్చునేది.

సీటమ్మ అన్నది ఆవిడ పేరు కాదు. బళ్లకి సీట్లు కుట్టగా కుట్టగా వచ్చింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది, దాన్ని నెలకోసారి చదివేది మీటరు చూడటానికొచ్చే మనిషి ఒక్కడే. వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ సీటమ్మే. కోపం వచ్చినవాళ్లకి కూడా సీటమ్మే.

దుకాణం అంటే ఒక్క షట్టరు. లోపల రెండు మిషన్లు. ఒకటి మామూలుది, ఇంకొకటి రెగ్జిన్, తోలు కుట్టే పెద్ద మిషను. వెనక గోడకి ఆనించిన కుర్చీలో వదిన. వదినంటే సీటమ్మ భర్తకి అక్క. ఆయన పోయి ఎనిమిదేళ్లయినా వదిన మాత్రం తమ్ముడి ఇంట్లోనే, తమ్ముడి భార్య దగ్గరే ఉండిపోయింది. డెబ్బై ఆరేళ్లు. కళ్లకి పొరలు కమ్మాయి, వెలుగూ నీడా తప్ప పెద్దగా ఆనదు. నోటికి మాత్రం ఏ పొరా కమ్మలేదు.

మూడో మనిషి సీటమ్మ కూతురు. చేతిలో పనితనం ఉంది. తల్లి కుట్టు కంటే కూతురి కుట్టే తిన్నగా వస్తుంది, ఆ మాట తల్లే నలుగురిలో చెప్పుకుంటుంది. కానీ పనితనం ఉంటే చాలదుగా, పని కూడా ఉండాలి. పెద్ద బట్టల కొట్లో బిల్లులు కొట్టే కౌంటరు దగ్గర ఆ పిల్లకి ఉద్యోగం వచ్చింది. వీపు ఆనుకునే కుర్చీ, తల మీద ఫ్యాను, నెల తిరిగేసరికి జీతం. ఒకటో తారీకున చేరాలి. చేరతానని గానీ చేరనని గానీ ఆ పిల్ల చెప్పలేదు, తల్లి అడగలేదు. సీటమ్మ కోరిక ఒక్కటే. ఈ షట్టరు తాళంచెవి కూతురి చేతిలో పెట్టి, తను ఇక కూర్చోవాలి, అదీ కుర్చీలో. పిన్నులు పీకే పని చూపించి ఉండిపొమ్మనడానికి మాత్రం ఆవిడకి నోరు రావడం లేదు.

సరిగ్గా అప్పుడు పొట్టిబండి మళ్లీ వచ్చింది.

పొట్టిబండి సంగతి చెప్పకుండా సీటమ్మ కథ చెప్పడం కుదరదు. ఊరి చివర ఒక మోటారు కంపెనీ ఉండేది. ఒక షెడ్డులోంచి ఇంకో షెడ్డుకి నడవాలంటే పావుగంట పట్టేది. తిరగలేక కాళ్లు పడిపోతున్నాయని ఫోర్‌మన్లు గోల పెడితే, ఎవరో మేస్త్రి నీళ్లు తోడే ఇంజనొకటి పట్టుకొచ్చి, సామాన్ల బండి చక్రాలు రెండు తగిలించి, మీద ఒక పలక బిగించాడు. మోకాలెత్తు బండి. ఎంత పెద్ద ఉద్యోగస్థుడైనా సరే, దానిమీద కూర్చుంటే చిన్నపిల్లల సైకిలు లాక్కుని ఎక్కినట్టే కనిపించేవాడు. పొద్దున చూసి నవ్వినవాళ్లే సాయంత్రానికి, ఒక్క రౌండు ఇస్తావా అని వెంటపడేవారు.

అలా వెంటపడే జనాన్ని చూసి కంపెనీ దాన్ని బయట అమ్మకానికి పెట్టింది. కాగితాల మీద దానికేదో అంకెలూ అక్షరాలూ కలిపిన పేరుంది, జనం మాత్రం పొట్టిబండి అన్నారు. పురుళ్లు పోసే నర్సులు కొన్నారు. మీటర్లు చూసేవాళ్లు, రొట్టెలమ్మేవాళ్లు, బడి పంతుళ్లు కొన్నారు. చంకలో పెట్టుకుని మేడ మెట్లెక్కేయొచ్చు అని చెప్పుకునేవారు గానీ, నిజానికి ఇద్దరు పట్టుకుంటే తప్ప లేచేది కాదు. ఆ మొదటి రకానికి ఉన్నది ఒక్కరు కూర్చునే నల్ల సీటు. వెనక ఎవరైనా కూర్చుంటే ఇనప కడ్డీ మీదే కూర్చోవాలి. కూర్చున్నారు కూడా.

సీట్ల షెడ్డులో కోత బల్ల వదినది. తమ్ముడికి పెళ్లయిన ఏడాదికి మరదల్ని కూడా తీసుకెళ్లి మిషను మీద కూర్చోబెట్టింది. వదిన కోస్తే సీటమ్మ కుట్టాలి. ఇంట్లో అత్తగారు లేని లోటు వదిన తీరుస్తోందని, షెడ్డులో ఆ లోటు ఇంకాస్త బాగా తీరుస్తోందని ఆడవాళ్లు ఆటపట్టించేవారు. అబద్ధం కాదు. కుట్టు ఒక్క నూలు పక్కకి పోతే వదిన ఆ సీటు ఎత్తి బల్ల మీద పడేసేది. ఆవిడ కోత మాత్రం ఎన్నడూ వెనక్కి రాలేదు. ఆ సంగతి రోజుకొక్కసారైనా చెప్పుకోకపోతే ఆవిడకి పొద్దు గడిచేది కాదు.

వదిన దగ్గర ఒక గుడ్డ టేపు ఉండేది. మొదటి రెండంగుళాలూ తెగిపోయి చాలాకాలమైంది. కొత్తది ఇమ్మంటే, పాతది పూర్తిగా పాడైతే చూద్దాం అని స్టోర్సువాళ్లు అనేవారు. అందుకని వదిన తెగిన కొసనే పట్టుకుని కొలిచి, వచ్చిన అంకెలోంచి రెండు తీసేసేది. ముప్ఫై వస్తే ఇరవై ఎనిమిది. ఇరవై వస్తే పద్దెనిమిది. ఏళ్ల తరబడి చేసేసరికి అది లెక్క అనిపించడం కూడా మానేసింది. ఊపిరి తీసినంత మామూలుగా రెండు తీసేసేది.

అంతలో రెండో రకం పొట్టిబండి వచ్చింది. గుండ్రటి దీపం, కాస్త పెద్ద ట్యాంకు, ఇద్దరు కూర్చునే పొడుగు సీటు. అదే వారం స్టోర్సువాళ్లకి ఏం బుద్ధి పుట్టిందో, వదినకి కొత్త టేపు ఇచ్చారు. ఇత్తడి కొస, చెక్కుచెదరని అంకెలు. వదిన మురిసిపోయి కొత్త సీటు నమూనాని ఆ టేపుతోనే కొలిచింది. ఇరవై ఎనిమిది వచ్చింది. అలవాటుగా రెండు తీసేసింది. ఇరవై ఆరని అట్ట మీద రాసుకుని, ఆ కొలతకి అట్ట కత్తిరించుకుని, రెగ్జిన్ దొంతరగా పరచి, సాయంత్రంలోగా నాలుగొందల ముక్కలు కోసి పెట్టి ఇంటికొచ్చింది. ఆ రోజు అన్నం కూడా తృప్తిగా తింది.

మర్నాడు పొద్దున సీటమ్మ మొదటి ముక్క తీసుకుని స్పాంజి మీద తొడగబోతే ఎక్కలేదు. లాగింది. రాలేదు. ఇంకో ముక్క తీసింది, అదీ అంతే. పదోది కూడా అంతే అయ్యేసరికి లేచి కోత బల్ల దగ్గరికెళ్లి, అట్టనీ టేపునీ పక్కపక్కన పెట్టి చూసింది. వదిన కూడా చూసింది. చూసి పక్కనున్న స్టూలు మీద కూలబడింది. కిందటేడు ఎవరో పాపం నలభై ముక్కలు తప్పు కోసినందుకే ఆ పూటే ఇంటికి పంపేశారు. ఇవి నాలుగొందలు. పైగా ఆ రోజుల్లో ఇల్లు నడిచేది వదిన సంపాదన మీదే. తమ్ముడికి అప్పటికింకా పెయింటు షెడ్డులో పని ఖాయం కాలేదు.

"టేపుదే తప్పు" అంది వదిన. ఎవరూ అడగకుండానే అంది. మళ్లీ అంది.

సూపర్‌వైజరు పది గంటలకి వస్తాడు. అప్పటికి తొమ్మిది కావస్తోంది. సీటమ్మకి ఆ నిమిషంలో వదిన మీద జాలి కలిగిందో, భయం వేసిందో, ఆవిడకే తెలియదు. షెడ్డులో నిప్పు ఆర్పే ఇసుక బకెట్లకి మూతలు కుట్టడానికి తెచ్చిన ఎర్ర రెగ్జిన్ చుట్ట ఒక మూల పడి ఉంది. అది కళ్లబడింది. నల్ల ముక్కని వెనకవైపు అడ్డంగా కోసి, మధ్యలో ఎర్ర పట్టీ అతికి కుట్టింది. కుట్టులోకి పోయేది పోగా పైకి సరిగ్గా రెండంగుళాలు కనిపించింది. తొడిగితే చక్కగా ఎక్కింది. ఎడమ మూల నాలుగు పొరలు కలిసేచోట మిషను సూది ఎగిరి ఒక కుట్టు తప్పుతుంటే, చక్రాన్ని చేత్తో తిప్పి, ఒకదాని మీద ఒకటిగా మూడు కుట్లు వేసి ముడి బిగించింది.

సూపర్‌వైజరు వచ్చేసరికి అలాంటివి నాలుగు సిద్ధంగా ఉన్నాయి. ఇదేమిటన్నాడు. సరిహద్దు సార్, అంది సీటమ్మ. పట్టీకి ఇవతల నడిపేవాడిది, అవతల వెనక కూర్చునేవాడిది. గీత లేకపోతే వెనకాయన జారి జారి ముందుకొచ్చి నడిపేవాణ్ని ట్యాంకు మీదికి తోసేస్తాడు. అంతకు ముందుగానీ ఆ తరవాతగానీ సీటమ్మ అంత చక్కటి అబద్ధం ఆడి ఎరగదు. సూపర్‌వైజరు సీటు చంకలో పెట్టుకుని ఆఫీసుకి పరిగెత్తాడు. అక్కడ ఆ ఆలోచన తనదేనని చెప్పుకున్నాడు. ఏడాది చివర్లో ఆయనకో గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు.

అలా పట్టీ ఖాయమైంది. ఎర్ర పట్టీ ఉంటేనే పొట్టిబండి, లేకపోతే నకిలీ అని జనం అనుకునేదాకా వెళ్లింది. అంచేత వదిన ప్రతి సీటునీ రెండంగుళాలు తక్కువే కోయవలసి వచ్చింది. తప్పు కొలతే సరైన కొలతగా మారి గోడకి వేలాడింది. ఇది ఎవరితోనూ అనకూడదని వదిన సీటమ్మ చేత ఒట్టేయించుకుంది. సీటమ్మ భర్తకి కూడా చెప్పలేదు. ఆ తరవాత ఇద్దరూ ఒంటరిగా ఉన్నప్పుడు ఎప్పుడైనా ఆ మాట వస్తే, వదిన ముక్కు మీద వేలేసుకుని, "ఆ టేపుదేనమ్మా తప్పు" అని తీర్పు చెప్పేసేది. ఇంతా చేసి, పోనీలే మరదలా నువ్వు ఆదుకున్నావు అన్న మాట ఆవిడ నోట రాలేదు. మొదటి రెండేళ్లూ సీటమ్మ ఎదురుచూసింది. తరవాత మానేసింది.

మూడో రకం పొట్టిబండికి ప్లాస్టిక్ రెక్కలు, మలుపు దీపాలు, ఇంకా ఏవేవో వచ్చి చేరాయి. బరువు పెరిగింది. ఒళ్లొచ్చిందిరా దీనికి, అన్నారు జనం. గేర్లు లేని స్కూటర్లు వచ్చాక దాన్ని కొనడం తగ్గింది, తరవాత ఆగిపోయింది. ఇరవై ఏళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆ షెడ్డు మూసేశారు. సామాన్లు పాటపెడితే సీటమ్మ తన మిషను తనే కొనుక్కుని రిక్షాలో వేయించుకుని వచ్చింది. పొట్టిబళ్లు గొడ్ల పాకల్లోనూ మెట్ల కిందా పడి, కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికి పనికొచ్చాయి. సీటమ్మ సోఫాలకి దిగింది.

ఐదేళ్ల కిందట మొదలైంది కొత్త పిచ్చి. కుర్రకారు ఆ పాత బళ్లని పాకల్లోంచి లాగి, తుప్పు గీకి, రంగులేసి, ఆదివారాలు వరసగా నిలబెట్టి ఫోటోలు తీసుకోవడం. చిరిగిన సీటు పట్టుకుని ఎవరో ఒకరు దుకాణానికి వచ్చేవారు. ఎర్ర పట్టీ అచ్చం పాతదానిలాగే ఉండాలమ్మా, అనేవారు. ఉంటుంది బాబూ, అనేది సీటమ్మ. సోఫాల మధ్య నెలకో రెండు నెలలకో అలా ఒక సీటు వచ్చేది. ఆ పూట నడుం నొప్పి కాస్త తక్కువగా ఉండేది.

ఇక ఇప్పుడు కంపెనీయే పొట్టిబండిని మళ్లీ తయారు చేస్తోందట. ఆ కబురు మోసుకొచ్చింది నలభై దాటిన ఒక ఇంజనీరు. నెమ్మదైన మనిషి. తన చిన్నప్పుడు నాన్న పొట్టిబండి ట్యాంకు మీద కూర్చునేవాణ్నని చెప్పాడు. సోఫా పక్కన పీట వేస్తే దాని మీదే కూర్చుని టీ తాగాడు. పాత బళ్లు పది విప్పి చూశాం, పది సీట్లకీ ఎడమ మూల మూడు కుట్ల ముడి ఉంది, అది ఎవరిదని వాకబు చేస్తే అందరూ మీ దుకాణం చూపించారు, అన్నాడు. చూపించడానికి పెట్టే బళ్లకి పది సీట్లు అచ్చం అలాగే కావాలి. పైవాళ్లకి నచ్చితే ఇక అన్ని సీట్లూ ఇక్కడే కుట్టించాలని తన ఉద్దేశం. ఆ చివరి మాట అంటున్నప్పుడు సీటమ్మ తల తిప్పి కూతురి వైపు చూసింది. కూతురు మిషను ఆపి వింటోంది.

వెళ్లబోతూ ఇంజనీరు ఒక్క సందేహం అడిగాడు. ఒకే ముక్కతో చెయ్యకుండా మధ్యలో ఆ పట్టీ ఎందుకు పెట్టారు? సీటమ్మ వదిన వైపు చూసింది. వదిన ముఖం గోడ వైపు తిరిగి ఉంది. సరిహద్దు బాబూ, అని సీటమ్మ ముప్ఫై రెండేళ్ల నాటి అబద్ధాన్నే మళ్లీ చెప్పింది.

కూతురు బట్టల కొట్టువాళ్లని ఇంకో నెల గడువడిగింది. తల్లికి చెప్పకుండానే అడిగింది. తల్లికి తెలిసినా తెలియనట్టే ఊరుకుంది. సోఫాలన్నీ పక్కకి నెట్టారు. వదిన పెట్టె తెరిపించి, అడుగునుంచి ఆ తెగిన టేపు తీయించింది. కోత నాదేనంది. కనబడదు కదత్తా అని మేనకోడలు మొత్తుకున్నా వినలేదు. వేళ్లతో అంకెలు తడమడానికి టేపు మీద మిగిలినవే తక్కువ. చివరికి కూతురు గీత గీసి ఇస్తే, వదిన ఎడమ చేత్తో ఆ గీతకి స్కేలు అదిమి పట్టుకుని, కుడి చేత్తో కత్తి లాగింది. కత్తి పక్కకి పోలేదు. పది ముక్కలు కోసేసరికి ఆవిడ భుజం పట్టేసి, రెండ్రోజులు చెయ్యెత్తలేకపోయింది. అయినా ఆ రెండ్రోజులూ కుర్చీలో నిటారుగానే కూర్చుంది.

కుట్టు కూతురిది. మూల ముడి మాత్రం సీటమ్మే వేసింది. పెద్ద మిషను చక్రం చేత్తో తిప్పేటప్పుడు వెన్ను పట్టేసి, ఒక్కో సీటుకీ ఒక్కోసారి నడుం వాల్చాల్సి వచ్చేది. నేల మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ, ఇంకెన్ని ఉన్నాయే, అని అడిగేది. ఇంకా నాలుగు. ఇంకా మూడు. అలసటలో కూడా రకాలుంటాయి. సోఫా అలసట సీటమ్మని మింగేసేది. ఈ అలసటతో మాత్రం ఆవిడకి నిద్ర పట్టింది.

పది సీట్లూ వెళ్లాయి. చాలా బాగున్నాయని ఇంజనీరు ఫోను చేశాడు. తరవాత ఫోను లేదు. పన్నెండో రోజున ఒక కార్డు వచ్చింది, కొత్త పొట్టిబండిని జనానికి చూపిస్తున్నాం, ముగ్గురూ రావాలి అని. సీటమ్మ ఇస్త్రీ చీర తీసింది. వదినకి జడ వేసింది. కారు పంపుతారేమో అనుకున్నారు గానీ బస్సులోనే వెళ్లారు.

పెద్ద హాలు, చల్లగా ఉంది. ముందు వరసలో పది బళ్లు, వాటికి సీటమ్మ సీట్లు. చుట్టూ తాడు కట్టి ఉంది. చేతికో రంగుల పుస్తకం ఇచ్చారు. కూతురు అందులోంచి చదివి వినిపించింది. ఎర్ర పట్టీ ఎలా పుట్టిందంటే, ఆనాటి డిజైనరు ఒక సాయంత్రం కిటికీలోంచి పొద్దు గుంకడం చూసి, ఆకాశపు అంచున ఎర్రటి గీతని కాగితం మీదికి దింపాడట. వదిన పమిట అడ్డం పెట్టుకుని కిలకిల నవ్వింది. సీట్ల షెడ్డుకి పడమట కిటికీయే లేదు. ఉన్నవి ఇసుక బకెట్లు.

తాడుకి అవతల, అమ్మకానికి సిద్ధమైన బళ్లు వంద దాకా వరసలు కట్టి ఉన్నాయి. సీటమ్మ మెల్లగా అటు నడిచింది. దూరం నుంచి చూస్తే అవే సీట్లు, అదే నలుపు, అదే పట్టీ. దగ్గరికెళ్లి అలవాటు కొద్దీ కుట్టు మీద బొటనవేలి గోరు పెట్టి లాగింది. దారం కదల్లేదు. దారమే లేదు. కుట్టులా కనిపించేదంతా ప్లాస్టిక్ మీద లేచిన గురుతు. ఎడమ మూల మూడు కుట్ల ముడి కూడా ఉంది. పక్క బండికీ ఉంది, దాని పక్కదానికీ ఉంది. ఏ ముడి చూసినా మూడో కుట్టు కొద్దిగా కిందికి వంగి ఉంది. ఏడో సీటుకి వేసేటప్పుడు నడుం కలుక్కుమని ఆవిడ చెయ్యి జారిన కుట్టు అది. అది చూసి సీటమ్మకి ఏడుపు రాలేదు. ఎక్కడైనా కూర్చోవాలనిపించింది.

ఇంజనీరు వెతుక్కుంటూ వచ్చాడు.

"మీ సీటు నుంచే అచ్చు తీశారమ్మా. అచ్చులో పోస్తే నిమిషానికొకటి వస్తుంది. పైవాళ్లు నిర్ణయించేశారు. నాకు తెలిసి వారమైంది. ఫోను చేద్దామని తీసి, మళ్లీ పెట్టేశాను."

"బాగా వచ్చింది బాబూ" అంది సీటమ్మ. "ముడితో సహా వచ్చింది."

ఆయన తల దించుకున్నాడు. చెడ్డ మనిషి కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఒకరుండేవారు. ఫోటో అన్నారు, నిలబడింది. నవ్వమన్నారు, నవ్వింది. జ్ఞాపకంగా ఒక కొత్త సీటు అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు. కూతురు దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. రెండు స్టాపులు దాటాక, "ఒకటో తారీకున చేరతానమ్మా" అంది. చేరవే, అంది సీటమ్మ. ఏమైంది, ఏమైంది అని వదిన రెండుసార్లు అడిగింది. ఇంటికెళ్లాక చెప్తాను వదినా, అంది సీటమ్మ.

షట్టరు ఎత్తేసరికి తొమ్మిదో సోఫా సగం పీకిన పిన్నులతో అలాగే ఉంది. ఎండ ఇంకా గుమ్మంలోనే ఉంది. సీటమ్మ సీటు తీసి కోత బల్ల మీద పెట్టింది. జరిగింది నాలుగు మాటల్లో చెప్పింది. వదిన కుర్చీలోంచి లేచి, బల్ల పట్టుకుని నడిచొచ్చి, సీటు మీద చెయ్యి వేసింది. ముందునుంచి వెనక్కి జానలతో కొలిచింది. పట్టీ దగ్గర ఆగింది. పట్టీకి ఇటూ అటూ గోటితో గీరింది. తిరగేసి అడుగున తడిమింది. మళ్లీ పైకి తిప్పింది. పని పిల్లలు తెచ్చిన కుట్టు తనిఖీ చేసినట్టే చేసింది.

"ఒకటే ముక్కే ఇది. ఎక్కడా అతుకు లేదు."

"లేదు వదినా."

"మరి పట్టీ ఎందుకు? ఎవరు తప్పు కోశారని?"

"ఎవరూ కోయలేదు. అందానికి పెట్టారు."

వదిన వేళ్లు ఆ ఎర్ర పట్టీ మీదే ఉన్నాయి, అటూ ఇటూ తిరుగుతున్నాయి. కూతురు గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ, తప్పు కోయడమేమిటత్తా, సరిహద్దు కదా అది, అంది. చిన్నప్పటినుంచీ ఆ పిల్లకి తెలిసింది సరిహద్దు కథ ఒక్కటే. సీటమ్మ ఏదో చెప్పి మాట మార్చబోయింది. ముప్ఫై రెండేళ్లుగా మార్చి మార్చి నోటికి అలవాటైపోయింది.

"సరిహద్దూ కాదు, పాడూ కాదు" అంది వదిన. "నేను కోశానే తప్పు. నాలుగొందలు కోశాను. మీ అమ్మ ఆ పట్టీ వెయ్యకపోతే ఆ పూటే నన్ను గేటు బయట నిలబెట్టేవారు."

సీటమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"టేపుది కదా వదినా తప్పు" అంది మెల్లగా.

"టేపు బంగారంలాంటి టేపు" అంది వదిన. "తప్పు నాది."

కూతురు చెప్పు ఒకటి విడిచి ఒకటి విడవకుండా అలాగే నిలబడిపోయింది. వదిన చేత్తో గాల్లో తడుముతుంటే సీటమ్మ తన చెయ్యి అందించింది. వదిన ఆ చేతిని పట్టుకుని, బొటనవేలి మీద సూది గుచ్చుకున్న పాత మచ్చలు తడిమి, అలసిపోయావే మరదలా, కాసేపు కూర్చో, అని తన కుర్చీ చూపించింది. సీటమ్మ కూర్చుంది.